దొమ్మియు, ద్వంద్వమును, తగవును

గడచిన దసరా సెలవులలో పురసవాక్కమున మా యింట నొక తగవు పుట్టినది. ఆస్తి తగవు కాదు, పెండ్లి లాంఛనముల తగవు కాదు. బొమ్మలకొలువు ప్రక్కన చాపమీద కూర్చుండి మా మనుమడు, వాని మేనమామ కూతురు, ఇరుగుపొరుగు పిల్లలు ఆడుకొనుచున్న యొక ఆటలో, పారిపోవుచున్న భూతమును కత్తితో కొట్టవచ్చునా, కొట్టరాదా యను ప్రశ్న. పెద్దవారము గదా యని మమ్మడిగిరి. మేము తీర్పు చెప్పితిమి. ఆ తీర్పు ఫలితముగా పదునాలుగేండ్ల పిల్లవాడు ఆ రాత్రి భోజనమునకు లేవలేదు.

ఆటలో ఏడ్చినవాని యేడుపు ఆటకాదని అందరును ఎరుగుదురు. కావున మరునాటినుండి ఆ ఆట పుస్తకములను, మనకు తెలిసిన పాత పుస్తకములను ఎదురెదుర పెట్టుకొని చూచితిమి. చూడగా చూడగా, దగ్గర పోరుకు నిబంధన వ్రాయుట యెంత కష్టమో, వ్రాసినదానిని చదివి తీర్పు చెప్పుట అంతకంటె ఎంత కష్టమో తెలిసినది. ఆ సంగతియే యిక్కడ వ్రాయుచున్నాము.

ఆ ఆట పేరు డంజెన్స్ అండ్ డ్రాగన్స్. నేలమాళిగలు, మహాసర్పములు అని తెలిగించుకొనవచ్చును. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు కూర్చిన యీ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా అను చిన్న యూరినుండి వెలువడెను. ఆడువారిలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరింతురు: ఒకడు యోధుడు, ఒకతె గాయని, ఇంకొకడు మంత్రవేత్త. వేషములు లేవు; పాత్ర బలాబలములు కాగితముపై అంకెలుగా ఉండును. ఒకరు మాత్రము పాత్ర ధరింపక, కథ చెప్పుచు, భూతములను నడపుచు, సందేహము వచ్చినచోట తీర్పు చెప్పుచుందురు. దెబ్బ తగిలినదా లేదా యనునది ఇరువది ముఖముల పాచిక తేల్చును. పడిన సంఖ్యకు యోధుని నేర్పును కూడి, అది యెదిరి కవచపు అంకెను అందుకొన్నచో దెబ్బ తగిలినట్లు. మన యిండ్లలో హరికథయు పచ్చీసును పెండ్లాడినచో పుట్టు బిడ్డ ఇట్లే యుండును.

చేతికి చేయి తగులునంత దగ్గరి పోరును ఆ పుస్తకములలో మెలీ యందురు. అది ఫ్రెంచి మాట. కలగాపులగమని దాని మూలార్థము. మనకు దానికి సరియైన మాట ఒకటి కలదు: దొమ్మి. ఇప్పుడది పోలీసువారి కాగితములలోను, పత్రికల నేరవార్తలలోను తలదాచుకొనుచున్నది గాని, వెనుక దొమ్మియుద్ధమనగా వరుస తప్పి, ఎవరు ఎవరిని కొట్టుచున్నారో తెలియక, మూకలు మూకలుగా కలియబడు పోరు. దానికి ఎదురు మాట ద్వంద్వయుద్ధము. ఒకనికి ఒకడు, చూచువారు చుట్టును నిలిచియుందురు, ఏ దెబ్బ న్యాయమో ఏది అన్యాయమో కంటికి కనబడును. దొమ్మిలో న్యాయాన్యాయములు కనబడవు.

బల్లమీది యుద్ధములకు నిబంధనలు వ్రాసినవారందరును చేసిన పని యొక్కటే యని మాకు తోచుచున్నది. దొమ్మిని కోసి ద్వంద్వములుగా చేయుటయే ఆ పని. నీ వంతు, నా వంతు అని కాలమును తుంచుదురు. ఒకనికి ఒక దెబ్బ యని లెక్క కట్టుదురు. కాని దొమ్మిని కోసిన ప్రతి కోతవద్దను ఒక సందు మిగులును. తగవులన్నియు ఆ సందులలో నుండియే లేచుచుండును.

మన ముసలివారాడిన పులిజూదమునే చూడుడు. మా పురసవాక్కము పాత యిండ్ల అరుగులమీద సుద్దముక్కతో త్రికోణముగా గీచి ఆడుట మేమెరుగుదుము. తమిళ సోదరులు దానినే ఆడుపులి ఆట యందురు. ఇరువదిమూడు కూడళ్లు, మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకను దాటి ఆవలి ఖాళీ కూడలిలో దూకినచో మేక చచ్చినట్లు. మేకలు పులులను కదలకుండ కట్టివేసినచో మేకల గెలుపు. ఇందులో పాచిక లేదు. దెబ్బ తగులునా తగులదా యను శంక లేదు. పులి దూకెనా, మేక చచ్చెను. ఐనను ఈ ఆటలో తగవులు లేకపోలేదు. ఒక దూకులో రెండు మేకలను వరుసగా చంపవచ్చునా? చంపదగిన మేక యున్నప్పుడు పులి చంపియే తీరవలెనా, విడిచి పోవచ్చునా? ఒక్కొక్క యింట ఒక్కొక్క ఆచారము. నెల్లూరునుండి వచ్చినవారొకటి, చిత్తూరునుండి వచ్చినవారింకొకటి చెప్పుదురు. కొత్తకోడలు అత్తవారింట తొలిసారి పులిజూదమాడినప్పుడు "తొండి" యను మాట వినబడక మానదు. ఈ నగరమున 1693లో ఎగ్మూరు, తండయారుపేటలతోపాటు పురసవాక్కము కుంఫిణీవారి చేతికి వచ్చినది మొదలు ఎన్ని తావులనుండి తెలుగువారు వచ్చి చేరిరో, అన్ని తావుల ఆచారములు ఈ అరుగులమీద ఒకదానినొకటి ఢీకొన్నవి. ఆ ఆచారములేవియు వ్రాతలో లేవు గనుక ఆ యింటి పెద్దముత్తైదువ చెప్పినదే వేదము.

చదరంగములో ఆ తగవు కూడ లేదు. రథ గజ తురగ పదాతులతో చతురంగబలము పేరు పెట్టుకొన్న ఆటయే యైనను, అందులో పోరు లేదు. ఆక్రమణ మాత్రమే యున్నది. బంటు మంత్రిమీద పడినచో మంత్రి చావవలసినదే. మంత్రి గొప్ప విలుకాడా, బంటు జ్వరముతో నున్నాడా యని అడుగువాడు లేడు. నియమములు స్పష్టములైనవి గనుకనే 2022లో మహాబలిపురమున జరిగిన ఒలింపియాడులో ఒకరి భాష ఒకరికి రాని దేశములవారు ఎదురెదుర కూర్చుండి నిశ్శబ్దముగా ఆడగలిగిరి. స్పష్టతకై చదరంగము చెల్లించిన వెల ఆ దొమ్మియే. అందులోనుండి దొమ్మిని పూర్తిగా తీసివేసిరి.

దానిని మరల లోనికి తెచ్చినవారు ప్రష్యా దేశపు సైనికోద్యోగులు. ఫాన్ రైస్విట్స్ అను యువ సేనాధికారి తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధక్రీడను సంస్కరించి 1824లో నియమగ్రంథముగా ప్రకటించెను. అందులో చదరపు గడులు పోయి దేశపటము వచ్చెను. రెండు దళములు కలియబడినప్పుడు గెలుపు ఎవరిదో పాచికయు, పట్టికలును చెప్పును. ఇరుపక్షములకు నడుమ ఒక మధ్యస్థుడు కూర్చుండును. కాలక్రమమున పట్టికలు పెరిగి పెరిగి ఆట నడువక నిలిచిపోవునంత వరకు వచ్చెను. అప్పుడు 1876లో ఫాన్ వెర్డి అను మరియొక సేనాధికారి పట్టికలను పాచికలను ప్రక్కకు పెట్టి, యుద్ధమెరిగిన మధ్యస్థుని విచక్షణయే చాలునని వాదించెను. నియమమా, నియమజ్ఞుడా? ఈ ప్రశ్న నాటినుండి నేటివరకు ఆ ఆటలవారిని విడువలేదు. మన చాపమీదికి కూడ అదియే వచ్చి కూర్చున్నది.

ఇంగ్లీషు నవలాకారుడు హెచ్. జి. వెల్స్ 1913లో సీసపు బొమ్మలతో ఆడుకొనుటకు లిటిల్ వార్స్ అను చిన్న పుస్తకము వ్రాసెను. కలియబడినచోట ఒకనికి ఒకడు చెల్లు అని ఆయన లెక్క. లెక్క తేలికయే గాని, అందులో వీరుడెవడును ఉండడు. అభిమన్యుడైనను ఒక సైనికునితో చెల్లిపోవును. 1971లో గైగాక్స్, జెఫ్ పెరెన్ అనువారు చెయిన్‌మెయిల్ అను పేర మధ్యయుగపు యుద్ధములకు నియమములు ప్రకటించినప్పుడు మూకల పోరుకు ఒక పద్ధతి, మనిషికి మనిషి పోరుకు వేరొక పద్ధతి యని విడదీసిరి. అనగా దొమ్మి వేరు, ద్వంద్వము వేరు అని గ్రహించిరన్నమాట.

ఇక 1974నాటి మూడు చిన్న పుస్తకముల సంగతి విన్నచో మన పాఠకులకు నవ్వు రాక మానదు. రెండవ సంపుటములో ట్రోల్ అను భూతము మామూలు మనుష్యులతో పోరాడునప్పుడు ఆరుమారులు కొట్టునని చెప్పి, పోరు వివరములు మూడవ సంపుటములో నున్నవని వ్రాసిరి. పాఠకుడు ఆశతో మూడవ సంపుటము తెరచి చూడగా, ఆకాశయుద్ధము విపులముగా నున్నది, నౌకాయుద్ధము విపులముగా నున్నది. నేలమీది పోరుకు మాత్రము కొద్ది పంక్తులే. చెయిన్‌మెయిల్ పద్ధతినైనను, మొదటి సంపుటములోని పట్టికనైనను వాడుకొనుడని యొక సూచన. చెయిన్‌మెయిల్ పుస్తకము లేనివాని గతి యేమి? ముందెవరు కొట్టవలెను? ఒక సుత్తు పోరు ముగియునప్పటికి ఎన్ని దెబ్బలు? దొరకిన దానిని బట్టి ఊరూర ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా పూరించుకొనిరి. మన పులిజూదపు అరుగులే అక్కడను వెలసినవి.

అన్నిటికంటె పెద్ద చిక్కు, ఒక్క పాచిక వేయుట యనగా ఏమి యను ప్రశ్నలో నున్నది. ఒక కత్తిదెబ్బయా? 1979లో గైగాక్స్ వ్రాసిన నిర్వాహకుల గ్రంథమున పోరులోని ఒక్కొక్క సుత్తు ఒక నిమిషము. ఒక నిమిషమున కర్రసాము నేర్చినవాడు ఎన్నిమారులు కర్ర త్రిప్పునో చూచినవారికి తెలియును. కావున ఆ పాచిక ఒక్క దెబ్బకు గుర్తు కాదు. ఎన్నో దొంగదెబ్బలు, తప్పుకొనుటలు, అడుగు వెనుకలు జరుగగా, వాటిలో తగులుటకు వీలున్న సందర్భమునకు అది గుర్తు. అట్లే ప్రాణాంశములనగా శరీరమున నున్న నెత్తురు మాత్రమే కాదనియు, నేర్పు, అదృష్టము, దైవకృప యన్నియు అందులో చేరినవనియు ఆయన వ్యాఖ్యానించెను. 2000 నాటి కూర్పులో ఆ నిమిషము ఆరు సెకండ్లకు కుదించుకొనిపోయినది. కాలము కుదియగానే పాచిక అర్థము మారినది. ఒక పాచిక ఒక దెబ్బకు దగ్గరయైనది. మాట మారలేదు, అర్థము మారినది. ధర్మశాస్త్రములు చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు.

ఇప్పుడు మా యింటి తగవునకు వత్తము.

మా మనుమని యోధుడు ఒక సంవత్సరముగా ఆడుచున్న పాత్ర. ప్రాణాంశము ఒక్కటి మాత్రమే మిగిలియున్నది. ఎదుట ఓగర్ అను నరభక్షక భూతము. వంతు గాయనిది. ఆమె మంత్రగానమును భూతము చెవిలో ఊదగా అది భరింపలేక వెనుదిరిగి పరుగెత్తెను. కత్తి అందుబాటు దాటి పోవు ఆ క్షణమున తాను ఒక దెబ్బ కొట్టుదునని మనుమడు పాచిక యెత్తెను. శత్రువు అందుబాటునుండి తొలగిపోవునప్పుడు అట్లు కొట్టుటకు 2014 నాటి కూర్పులో ఒక నియమమున్నది. నా వంతు, నీ వంతు అని కట్టిన గోడలో, దొమ్మి తొంగిచూచుటకు విడిచిన కిటికీ యది. ఐతే తన సొంత నడకగాని, చర్యగాని, ప్రతిచర్యగాని వినియోగింపక, ఇతరులచే నెట్టబడినవానిని అట్లు కొట్టరాదని దానికొక మినహాయింపు కలదు.

"అది తనంతట తాను పోలేదు, నా పాటవల్ల పోయింది. కాబట్టి కొట్టకూడదు" అని మేనమామ కూతురు. తన మంత్రమునకు పేరు దక్కవలెనని ఆమె పట్టుదల. "పోయింది దాని కాళ్లతోనే గదా" అని మనుమడు. నిర్వాహకుడుగా నున్న ప్రక్కింటి కళాశాల విద్యార్థి పుస్తకము తిరుగవేయుచుండగా, పిల్లవాడు మావైపు తిరిగి "తాతయ్యా, నువ్వు చెప్పు" అనెను.

మేము తడుముకొనలేదు. "పారిపోయేవాణ్ణి కొట్టడం ధర్మం కాదురా" అంటిమి.

పిల్లలు నవ్విరి. మనుమడు నవ్వలేదు. దెబ్బ పోయెను, తరువాతి వంతులో భూతము తేరుకొని తిరిగివచ్చును, ప్రాణాంశము ఒక్కటే. కాగితము మడిచి లేచి వెళ్లిపోయెను. ఆట అక్కడనే ఆగినది.

మా తీర్పు గాలిలోనుండి రాలేదు. భారతమున భీష్మపర్వపు తొలిభాగమున, యుద్ధమునకు ముందు ఇరుపక్షములు కూడి సమయము చేసికొన్నవి. రథికునితో రథికుడు, ఏనుగుతో ఏనుగు, గుర్రపువానితో గుర్రపువాడు, కాల్బంటుతో కాల్బంటు పోరవలెను. మాటలతో పోరువానిని మాటలతోనే ఎదుర్కొనవలెను. ఒకనితో పోరాడుచున్నవానిని ఇంకొకడు కొట్టరాదు. శరణన్నవానిని, ఆయుధము పోయినవానిని, వెన్ను చూపినవానిని చంపరాదు. శంఖములూదువారిని, భేరులు మ్రోయించువారిని తాకరాదు. ఇన్నాళ్లును దీనిని మేము దయాధర్మముగా చదువుచుంటిమి. ఈ తగవు తరువాత మరల చదువగా వేరొకటి కనబడినది. పదునెనిమిది అక్షౌహిణుల దొమ్మిని ద్వంద్వములుగా కోయుటకు చేసిన ప్రయత్నమది. లేక్ జెనీవాలోని బల్లవద్ద కూర్చున్నవారు చేసినదియు ఇదే పని. ఆ సమయము ఎన్నినాళ్లు నిలిచినదో అభిమన్యుని చావు చెప్పును.

అంతకంటె మా తీర్పునకు దగ్గరయైన కథ శల్యపర్వములో కలదు. అక్కడ దొమ్మి ముగిసినది. మిగిలినది శుద్ధమైన ద్వంద్వము. ఐదుగురిలో ఎవరినైనను ఎన్నుకొని పోరుమని, గెలిచినచో రాజ్యము నీదేయని, మడుగునుండి లేచిన దుర్యోధనునకు ధర్మరాజు మాట యిచ్చెను. ఇట్టి మాట యిచ్చినందులకు కృష్ణుడు ధర్మరాజును ఎత్తిపొడిచెను. ఆటకు ముందే నియమము తప్పుగా వ్రాసికొన్నవానిమీద కోపమది. గదాయుద్ధమున నాభికి క్రింద కొట్టరాదని శాస్త్రము. భీముడు తొడలు విరుగగొట్టెను. ఇద్దరికిని గురువైన బలరాముడు నాగలి యెత్తి భీమునిమీదికి ఉరికెను. కృష్ణుడు ఆయనను పట్టుకొని చెప్పిన మాటలు చూడుడు. నాభినిషేధము లేదని ఆయన అనలేదు. నాడు నిండుసభలో తొడలు విరుగగొట్టుదునని భీముడు ప్రతిన పట్టెను. ప్రతిన చెల్లించుట క్షత్రియధర్మము. మైత్రేయుని శాపము కూడ నున్నది. అనగా ఒక వాక్యమునకు ఎదురుగా ఇంకొక వాక్యము తెచ్చి నిలిపెను. బలరాముడు ఒప్పుకొనలేదు. భీమునకు కపటయోధుడను పేరు లోకమున నిలుచునని చెప్పి రథమెక్కి ద్వారకకు పోయెను. వ్యాసుడు గాని, తెనిగించిన తిక్కన గాని ఆ ముడి విప్పి మన చేతికీయలేదు. తీర్పరులిద్దరు అన్నదమ్ములు, ఇద్దరును శాస్త్రమెరిగినవారు, ఇద్దరి తీర్పులు వేరు.

ఇక్కడ మన భాషలోని యొక మాటను గురించి చెప్పవలసియున్నది. తగవు అనగా నేడు జగడము. పూర్వము తగవనగా న్యాయము. తగినది తగవు. తగవరి యనగా జగడగొండి కాదు, న్యాయము చెప్పు మధ్యస్థుడు. 1852లో ఈ చెన్నపట్టణముననే అచ్చుపడిన బ్రౌను దొరగారి నిఘంటువులో ఈ రెండర్థములును ప్రక్కప్రక్కనే యున్నవి. జగడమునకును న్యాయమునకును ఒకే మాట యుండుట మన పూర్వుల అశ్రద్ధ యని మేమనుకొనము. తగవు పడనిదే తగవు తేలదని ఎరిగినవారి మాట యది.

జూదపు తగవులకు తగవరి యెవరు? యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ద్యూతసమాహ్వయ ప్రకరణమని యొకటి కలదు. పాచికల ఆట ద్యూతము. కోళ్లు, పొట్టేళ్లు మున్నగు ప్రాణులను పోరించి పందెము వేయుట సమాహ్వయము. రెండింటికిని విధి యొక్కటే. అందులో చిత్రమైన నిబంధన యేమనగా, జూదపు వ్యవహారములను విచారించువారును, సాక్షులును ఆ జూదరులే. బయటివాడు పనికిరాడు. ఆడినవానికే ఆట తెలియును. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను తిక్కన కాలపువాడైన కేతన తెనిగించెను గనుక, ఈ ధర్మము తెలుగులో ఏడు నూర్ల యేండ్లకు పైబడి యున్నదన్నమాట. బయటనుండి వచ్చి తీర్పు చెప్పిన మాకిది చదివినప్పుడు కొంచెము సిగ్గు కలిగినది.

ఐతే ఆడువారే తగవరులైనప్పుడు నడుమ నమ్మకము తెగినచో ఏమగునో పలనాటివారు చెప్పగలరు. బ్రహ్మనాయుడును నాయకురాలు నాగమ్మయు కోడిపందెము వేసికొని, ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెనని సమయము చేసికొన్నకథ శ్రీనాథుని పేర నున్న ద్విపదలో మనము చదివినదే. బ్రహ్మనాయుని పక్షమువారు ఓడి మండాదికి పోయిరి. గడువు నిండినది. రాజ్యభాగమడుగ రాయబారిగా పోయిన అలరాజు ప్రాణములతో తిరిగి రాలేదు. పందెపు తగవు నాగులేటి యొడ్డున కారెంపూడి రణమున తేలినది; తేలినదనుటకంటె మునిగినదనుట మేలు. ఆ వీరుల గుడి నేటికిని కారెంపూడిలో నున్నది.

మరల మా చాపకడకు. మరునాడు సాయంత్రము ప్రక్కింటి విద్యార్థిని పిలిచి, ఆ నియమమును మాకు మాటమాటగా చదివి చెప్పుమంటిమి. అతడు ఇంగ్లీషులో చదువును. మేము తెలుగులో అడుగుదుము. అతడు తమిళములో ఆలోచించి తెలుగులో చెప్పును. ఇట్లు గంటసేపు సాగినది. ఆ పుస్తకమున సామాన్యనియమమునకును విశేషనియమమునకును విరోధము వచ్చినప్పుడు విశేషమే గెలుచునని వ్రాసియున్నారు. మన మీమాంసకుల మాటయే యది. అంతట మేము ఉత్సాహపడి, తొలగిపోవువానిని కొట్టుట సామాన్యము గదా, నెట్టబడినవానిని కొట్టరాదనుట విశేషము గదా, గాయని గెలిచినదని అంటిమి. అప్పుడా యువకుడు మెల్లగా, "కాదు తాతగారూ, మంత్రం మాటలు కూడా చూడాలి గదా" అని వేరొక పుట తెరచెను. ఆ మంత్రము తగిలినవాడు తన ప్రతిచర్యను వినియోగించి పరుగెత్తవలెనని అక్కడ వ్రాసియున్నది. మినహాయింపులో నున్న మాటయు ప్రతిచర్యయే. తన ప్రతిచర్య వినియోగింపక కదలినవానికే రక్షణ. వినియోగించి కదలినవానికి లేదు. భయము గాయనిది, కాళ్లు భూతమువి. ఆ ఆట కర్తల పక్షమున ప్రకటించు సమాధానములలో కూడ ఇదే తీర్పు ఇచ్చిరని అతడు చెప్పెను. అట్టి ప్రశ్నోత్తరములు డ్రాగన్ అను పత్రికలో 1979 నుండియే శీర్షికగా మొదలైనవట. సూత్రమునకు భాష్యము అక్కడను తప్పలేదు.

మీమాంసలో శ్రుతి, లింగము, వాక్యము మొదలైన ఆరింటిలో ముందుది తరువాతిదానికంటె బలవత్తరమని చెప్పుదురు. పదము స్వయముగా చెప్పుచున్నది శ్రుతి. మా మేనకోడలివంటి ఆ చిన్నదాని వాదము తాత్పర్యముమీద నిలిచినది. మనుమని వాదము పదముమీద నిలిచినది. మా తీర్పు ఈ రెండింటిమీదను నిలువలేదు. పారిపోవువానిని కొట్టరాదనునది కురుక్షేత్రమున ఇరుపక్షములవారు తమలో తాము చేసికొన్న సమయము. ఈ చాపమీద కూర్చున్నవారు చేసికొన్న సమయము వేరు. వారు ఒప్పుకొనని నియమముతో వారి వీరుని చంపుటకు మాకు అధికారము లేదు. మా ధర్మము మంచిదే కావచ్చును. కాని అది వేరొక యుద్ధమునకు చెందినది.

మనుమని పిలిచి, "నాదే పొరపాటురా. దెబ్బ నీదే" అంటిమి. వాడు కొంతసేపు మా మొగము చూచెను. ముద్దకొరకు చెప్పుచున్నారా, నిజముగా చెప్పుచున్నారా యని పరీక్షించినట్లు. పుస్తకములోని పుట చూపినపిమ్మట నమ్మెను. ఆ చిన్నది మాత్రము తన పాటవలననే గదా భూతము వెనుదిరిగినదని, సగము గెలుపు తనదని, కాగితముపై అట్లే వ్రాయవలెనని పట్టుబట్టినది. అది న్యాయమేయని అందరును ఒప్పుకొనిరి.

పాచిక వేసిరి. భూతము కవచపు అంకె పదునొకండు; యోధుని నేర్పు ఐదు; ఆరు పడిన చాలును. తొమ్మిది పడినది. భూతము కూలెను. ఇంటిలోపలినుండి "ఏమిటా గోల" అని వాని నాయనమ్మ కేకవేసినది.

అంతయు ముగిసినపిమ్మట, మెలీ యనుదానికి మనలో ఏమందురని మనుమడే అడిగెను. దొమ్మి యని చెప్పితిమి. వానికి ఆ మాట నచ్చినది. యోధుని కాగితము నెత్తిన దానిని వ్రాసికొన్నాడు. మా పిల్లలు తెలుగు మాటాడుదురు గాని వ్రాయనేరరు. వాడు తమిళ లిపిలో వ్రాసెను. ఆ లిపిలో తకును దకును అక్షరమొకటే. చిన్నది ఆ కాగితము లాగుకొని "తొమ్మి" అని చదివి, "తొమ్మిదిలో సగమా తాతయ్యా?" అని నవ్వినది. మేము వాని చేతిలోని పెన్సిలు తీసికొని, తమిళ అక్షరముల క్రింద తెలుగున దకారము వ్రాసి చూపి, దాని ప్రక్కన ఖాళీ విడిచితిమి. వాడు దానిని చూచి చూచి, నాలుగవసారికి సరిగా దిద్దెను.